అర్మేనియాలో ఫియోలెటోవో అనే ఊరు, ఆ పేరు ఎలా వచ్చిందో తెలిసినవాళ్ళు చెప్పండి

యెరెవాన్_మెడికో:
హాయ్ అందరికీ. నేను యెరెవాన్‌లో మెడిసిన్ చదువుతున్నా, మాది తెనాలి సైడు. ఇక్కడ మనోళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి చలి తప్ప పెద్ద ఇబ్బందేం లేదు. మొన్న సెలవుల్లో ఫ్రెండ్స్‌తో దిలిజాన్ చూసుకుని వనాద్జోర్ వైపు మార్ష్రుట్కా (ఇక్కడి షేర్ వ్యాన్) ఎక్కాం. దారిలో ఫియోలెటోవో అని ఒక ఊరొచ్చింది, అసలు అర్మేనియాలో ఉన్నట్టే లేదు, చెక్క ఇళ్ళు, కిటికీ రెక్కలకి నీలం రంగు, మగాళ్ళేమో గుండెల దాకా గడ్డాలు, చొక్కా పైనుంచి నడుముకి అల్లిన తాడు, ఆడవాళ్ళు చిన్నపిల్లల దగ్గర్నుంచి ముసలమ్మల దాకా అందరికీ తలగుడ్డ. రోడ్డు పక్కన పెద్ద పెద్ద గాజు సీసాల్లో పులవబెట్టిన క్యాబేజీ, క్యారెట్ తురుముతో కలిపి అమ్ముతున్నారు. మాట్లాడేది రష్యన్. మాలో రష్యన్ వచ్చిన అమ్మాయి ఒకతి ఫియోలెటోవీ అంటే ఊదా రంగు అంది, ఆ కొండల మీద ఊదా పూలు కూడా కనిపించాయి. పేరు ఆ పూల వల్లే వచ్చిందా? డ్రైవర్ని అడిగితే "మొలకన్" అని ఒక్క మాట అని పాట సౌండ్ పెంచాడు, అంతే.

పాతపటాలు:
పూలు కాదమ్మా, మనిషి. ఇవాన్ ఫియోలెటోవ్ అని బోల్షెవిక్ (రష్యా కమ్యూనిస్టు) నాయకుడు, బాకూ చమురు బావుల దగ్గర కార్మికుల్ని కూడగట్టినవాడు. 1918లో కాల్చి చంపిన 26 మంది బాకూ కమిసార్లలో (బోల్షెవిక్ ప్రభుత్వంలో మంత్రుల్లాంటివాళ్ళు) ఒకడు. 1936లో ఈ ఊరికి ఆయన పేరు పెట్టారు, అప్పటిదాకా ఊరి పేరు నికితినో. ఇంటిపేరులో రంగు ఉన్న మాట నిజమే, మీ ఫ్రెండ్ చెప్పింది కరెక్టే, కాకపోతే ఆ రంగుకీ ఊరికీ మధ్యలో ఒక మనిషి ఉన్నాడు.

చాయ్_బిస్కట్_040:
ఆగున్రి ఆగున్రి. అర్మేనియాల రష్యనోళ్ళ ఊరేంది, దానికి బాకూల పనిచేసినోని పేరేంది? బాకూ అంటే అజర్‌బైజాన్ గదా, ఆ రెండు దేశాలకు పచ్చగడ్డి ఏస్తే భగ్గుమంటది. మొత్తం కథ చెప్పున్రి మాస్టారూ, చాయ్ పెట్టుకొని కూసున్న.

పాతపటాలు:
సరే, కాస్త పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి.

మొలకన్లు అంటే రష్యాలో 18వ శతాబ్దంలో ఆర్థడాక్స్ చర్చి నుంచి విడిపోయిన రైతు జనం. టాంబోవ్ ప్రాంతంలో బాగా పెరిగారు, సెమ్యోన్ ఉక్లెయిన్ అనే ఆయన వాళ్ళ తొలి బోధకుల్లో ముఖ్యుడు. బొమ్మలకి దండం పెట్టరు, సిలువ గుర్తు వేసుకోరు, పూజారి ఉండడు, గుడి కట్టరు, నీళ్ళతో బాప్తిస్మం లేదు. బైబిల్ చదువుకుంటారు, కీర్తనలు పాడుకుంటారు, తమలో ఒక పెద్దని ఎన్నుకుని ఆయన ముందు కూర్చుంటారు. రష్యన్‌లో మొలకో అంటే పాలు. చర్చి ఉపవాసాల్లో పాలు ముట్టకూడదు, వీళ్ళు ఆ ఉపవాసాలే ఒప్పుకోరు కాబట్టి నిక్షేపంగా తాగేవాళ్ళు, దాంతో "పాలు తాగేవాళ్ళు" అని పక్కవాళ్ళు ఎగతాళిగా అన్నారు, అదే పేరైపోయింది.

జార్ (రష్యా చక్రవర్తి) ప్రభుత్వానికి వీళ్ళంటే ఒళ్ళు మంట. యుద్ధానికి మేం పోం అంటారు, జార్ పూజారుల్ని లెక్కచేయరు. అయితే పొలం పని మాత్రం బ్రహ్మాండంగా చేస్తారు. మొదటి నికొలస్ 1830లో ఒక ఉత్తర్వు ఇచ్చాడు, ఇలాంటి తేడా మతాల వాళ్ళందర్నీ కాకసస్ అవతలకి పంపేయమని. సరిగ్గా దానికి రెండేళ్ళ ముందే, 1828లో తుర్క్‌మెన్‌చాయ్ ఒప్పందంతో పర్షియా నుంచి యెరెవాన్ ప్రాంతం రష్యా చేతికి వచ్చింది, కొత్త సరిహద్దులో రష్యన్ మాట్లాడే జనం ఉంటే మంచిదే అనుకున్నారు. మతం పీడా వదిలింది, సరిహద్దులో మనుషులూ దొరికారు. అలా 1840లలో అఘ్‌స్తెవ్ నది లోయలో నికితినో ఊరు వెలిసింది. పక్కనే వోస్క్రెసెనోవ్కా, అదీ మొలకన్లదే. అది ఇప్పుడు లెర్మొంతోవో.

కృష్ణా_కెనాల్:
మా ఇంట్లో అందరం చర్చికి వెళ్తాం కాబట్టి చెప్తున్నా, ఈ పాల సంగతి మొలకన్లు వేరేగా చెప్పుకుంటారు. పేతురు మొదటి పత్రికలో నిర్మలమైన వాక్యమను పాలు అని ఉంటుంది కదా, మేం తాగేది ఆ పాలు అంటారు. పక్కోళ్ళు తిట్టిన తిట్టుని తీసుకెళ్ళి వాక్యంతో కట్టేశారు, తెలివైనోళ్ళు.

నాగావళి:
పాతపటాలు గారూ, పేరు మార్చింది ఊరివాళ్ళని అడిగా, అడక్కుండానా? నాకు తెలిసి 1936 అంటే స్టాలిన్ మంచి ఊపు మీద ఉన్న టైమ్, అడిగే సీన్ ఉండదు. దేవుడు తప్ప ఇంకో రాజు లేడనే జనానికి బోల్షెవిక్ పేరు తగిలించడం అంటే నా ఉద్దేశంలో అది గౌరవం కాదు, స్టాంపు వేయడం.

పాతపటాలు:
ఒక్క ఈ ఊరి మీద కక్షతో చేసిన పని కాదు నాగావళి గారూ, ఆ రెండు మూడేళ్ళలో చుట్టుపక్కల మ్యాపంతా తిరగేసి రాశారు. వనాద్జోర్ అసలు పేరు కరకిలిసా, అంటే నల్ల గుడి. 1934 డిసెంబర్లో లెనిన్‌గ్రాడ్‌లో కిరోవ్ అనే కమ్యూనిస్టు నాయకుణ్ణి చంపారు, 1935 కల్లా కరకిలిసా కాస్తా కిరొవకాన్ అయిపోయింది. 1993లో మళ్ళీ మార్చి వనాద్జోర్ అన్నారు. సెవాన్ చెరువు ఒడ్డున ఉన్న సెవాన్ టౌను కూడా మొలకన్లు కట్టిందే, రాజకుటుంబంలో ఎలెనా పావ్లోవ్నా పేరు మీద యెలెనోవ్కా అనేవాళ్ళు, 1935లో అది సెవాన్ అయింది. ఉత్తరాన వోరొంత్సోవ్కా, కాకసస్ వైస్రాయ్ వోరొంత్సోవ్ పేరు, అది 1935లో కాలినినో (సోవియట్ నాయకుడు కాలినిన్ పేరు), 1991లో తాషిర్. చూడండి, జార్ కాలంలో దొరల పేర్లు, సోవియట్ కాలంలో కామ్రేడ్ల పేర్లు, స్వతంత్రం వచ్చాక పాత అర్మేనియన్ రాజ్యాల, లోయల పేర్లు.

లెర్మొంతోవో సంగతి ఇంకా సరదా. వోస్క్రెసెనోవ్కాలో వోస్క్రెసేనియే ఉంది, అంటే క్రీస్తు పునరుత్థానం. ఆ ముక్క సోవియట్ మ్యాపు మీద నిలవదు కదా. కవి లెర్మొంతోవ్ కాకసస్‌లో సైన్యంలో చేశాడు, 1841లో ప్యాతిగోర్స్క్‌లో ద్వంద్వ యుద్ధంలో పోయాడు, మత వాసన లేని రష్యన్ పేరు, ఎవరికీ అభ్యంతరం లేదు. పక్కపక్క ఊళ్ళు, ఒకదానికి కవి, ఇంకోదానికి కమిసార్.

చాయ్_బిస్కట్_040:
గూగుల్ మ్యాప్ల జూమ్ చేసి చూసిన, ఫియోలెటోవో పక్కపొంటే మర్గహోవిట్ అని ఇంకో ఊరుంది, అది కూడ మొలకనోళ్ళదేనా?

పాతపటాలు:
కాదు, అది అర్మేనియన్ల ఊరు. దాని పాత పేరు హమ్జాచిమాన్. చిమాన్ అంటే పచ్చిక మైదానం, మీ హైదరాబాద్‌లో చమన్ అంటారే అదే మాట. మర్గ్ అన్నా అర్మేనియన్‌లో పచ్చికే, హోవిట్ అంటే లోయ. కాబట్టి అక్కడ హమ్జా ఒక్కడే ఎగిరిపోయాడు, పచ్చిక అలాగే ఉంది.

చాయ్_బిస్కట్_040:
ఇది మస్తున్నది 😂 మనిషిని తీసేసి గడ్డి ఉంచిన్రు.

ఆవకాయ_ఇన్_ఎల్‌ఏ:
ఈ థ్రెడ్ చూసి లాగిన్ అయ్యాను, లేకపోతే నేను సైలెంట్ రీడర్‌ని. మాది లాస్ ఏంజెలెస్, ఇక్కడ నాతో పనిచేసిన ఒక పెద్దావిడ మొలకన్ కుటుంబం. వాళ్ళ తాతలు 1900ల మొదట్లో అక్కడినుంచి వచ్చి బాయిల్ హైట్స్‌లో దిగారట, అప్పట్లో ఆ ఏరియా నిండా వీళ్ళేనట. ఆవిడ వాళ్ళ ఊరి పేరు "నికితినా" అనే అనేది. నేను నెట్‌లో వెతికి ఫియోలెటోవో అని చూపిస్తే అదెక్కడ అంది!! ఎందుకంటే వాళ్ళు బయల్దేరేటప్పటికి ఆ కమిసార్ ఎవరో కూడా ఎవరికీ తెలీదు కదా. ఆవిడ పెళ్ళికి పిలిస్తే వెళ్ళాను, పొడుగు బల్లల మీద అందరికీ ఒకేసారి వడ్డన, ముందు సమోవార్ టీ, తర్వాత చేత్తో తరిగిన సన్నటి సేమ్యాల సూప్, లప్షా అంటారు, మద్యం చుక్క లేదు. పంది మాంసం అస్సలు తినరు. పాటలు మాత్రం అబ్బబ్బ, వాయిద్యం లేకుండా నూటయాభై గొంతులు ఒకేసారి ఎత్తుకుంటే గోడలు అదురుతాయి. మధ్యలో కొంతమంది చేతులు పైకెత్తి ఎగరడం మొదలెట్టారు, నేను కంగారుపడ్డా, పక్కావిడ నవ్వి అది ఆత్మ వచ్చినప్పుడు అంది.

కృష్ణా_కెనాల్:
అక్కా అమెరికాకి ఎందుకు వెళ్ళిపోయారు అంతమంది? భూమి ఇచ్చారు, ఊళ్ళు కట్టుకున్నారు కదా

ఆవకాయ_ఇన్_ఎల్‌ఏ:
ముఖ్యంగా సైన్యం. ఆయుధం పట్టకూడదు అని వాళ్ళ నమ్మకం, జార్ ప్రభుత్వం మిలిటరీ సర్వీసు తప్పదంది, పైగా 1904లో జపాన్‌తో యుద్ధం. అప్పటినుంచి 1912 దాకా వేలమంది వచ్చేశారు. ఇంకొకటి, ఆవిడ చెప్పింది, 1850లలో ఎఫిమ్ క్లుబ్నికిన్ అనే చిన్న పిల్లాడికి దర్శనం వచ్చిందట, మనం ఇక్కడినుంచి దూరదేశం పోవాలి, లేకపోతే కష్టకాలం వస్తుంది అని. ఆ పిల్లాడు ముసలాడయ్యాక తనే జనంతో కలిసి అమెరికా వచ్చాడు. నమ్ముతారో లేదో మీ ఇష్టం, 1915 అర్మేనియన్ల ఊచకోత, విప్లవం, స్టాలిన్ అన్నీ తర్వాత వచ్చినవే కాబట్టి వాళ్ళ దృష్టిలో అది నిజమైంది.

పాతపటాలు:
అక్క చెప్పిన ఎగిరేవాళ్ళనే రష్యన్‌లో ప్రిగునీ అంటారు, అంటే గెంతేవాళ్ళు. ఆ శాఖకి పెద్ద పేరు మాక్సిమ్ రుదొమెత్కిన్, ఆయన ఉన్నది ఈ నికితినోలోనే. 1857లో శిష్యులు ఆయన్ని ఆత్మలకు రాజు అని కిరీటం పెట్టి మరీ ప్రకటించారు. జార్ ఒకడుండగా ఇంకో రాజా అని 1858లో పట్టుకుపోయి ఉత్తరాన సొలొవెత్స్కీ మఠంలో, తర్వాత సుజ్దల్ మఠంలో బంధించారు. అప్పట్లో మఠాలకి జైళ్ళుండేవి. 1877లో అక్కడే పోయాడు. జైల్లో ఆయన రాసుకున్న కాగితాలు రహస్యంగా బయటికొచ్చి, 1928లో అచ్చయింది ఎక్కడనుకున్నారు, లాస్ ఏంజెలెస్‌లో. ఫియోలెటోవోలో ఇప్పటికీ ఆయన్ని తలుచుకునే జనం ఉన్నారు.

అందుకే నాగావళి గారి మాటలో కొంత పాయింటుంది. ఈ ఊరికి సొంత హీరో ఒకడున్నాడు, మ్యాపు మీద మాత్రం ఇంకెవరిదో పేరుంది.

నాగావళి:
కొంత కాదు సార్, పూర్తిగా ఉంది. సరే ఇంతకీ ఆ ఫియోలెటోవ్ ఏం చేశాడు? కమిసార్లు కమిసార్లు అంటున్నారు, కథ చెప్పండి.

పాతపటాలు:
1918 ఏప్రిల్ నుంచి జులై దాకా బాకూలో బోల్షెవిక్‌ల ప్రభుత్వం నడిచింది, దాన్నే బాకూ కమ్యూన్ అంటారు. నాయకుడు స్తెపాన్ షహుమ్యాన్, అర్మేనియన్. అజీజ్‌బెకోవ్ అజర్‌బైజానీ, జపరీద్జే జార్జియన్, ఫియోలెటోవ్ రష్యన్, ఆర్థిక వ్యవహారాలు చూసేవాడు. నాలుగు జాతుల వాళ్ళు ఒకే గదిలో, అప్పుడు ఆ ప్రభుత్వం అలాంటిది. ఒట్టొమన్ సైన్యం మీద పడుతుంటే జులై ఆఖర్న వీళ్ళ ప్రభుత్వం పడిపోయింది, కొత్తగా వచ్చినవాళ్ళు వీళ్ళని జైల్లో వేశారు. సెప్టెంబర్ మధ్యలో బాకూ టర్కుల చేతిలో పడే గందరగోళంలో బయటపడి తుర్క్‌మెన్ అనే ఓడ ఎక్కారు. బోల్షెవిక్‌ల చేతిలో ఉన్న ఆస్త్రఖాన్ పోదామనుకున్నారు, ఓడ మాత్రం కాస్పియన్ అవతలి ఒడ్డున క్రస్నొవోద్స్క్ చేరింది. అక్కడ ఉన్నది వీళ్ళ శత్రువుల ప్రభుత్వం.

ఇక్కడ అసలు విషయం. పట్టుకున్నవాళ్ళలో ఎవర్ని చంపాలి, ఎవర్ని వదలాలి? కొర్గానోవ్ అనే ఆయన జేబులో ఒక కాగితం దొరికింది, బాకూ జైల్లో ఎవరెవరికి తిండి పంచాలో రాసుకున్న పేర్ల లిస్టు. ఆ లిస్టులో ఉన్నవాళ్ళే ముఖ్యులు అనుకున్నారు. అందులో అంగరక్షకులు, గుమాస్తాలు కూడా ఉన్నారు, కమిసార్లు సగం మంది కూడా కారు. సెప్టెంబర్ 20న రైల్లో ఎడారిలోకి తీసుకెళ్ళి పెరెవల్, అఖ్చా కుయ్మా స్టేషన్ల మధ్య దింపి కాల్చేశారు. మనిషి బాకూ జైల్లో లేకపోతే లిస్టులో పేరుండదు, పేరు లేకపోతే బతికాడు. అలా బతికినవాడు అనస్తాస్ మికొయాన్, ఆ తర్వాత స్టాలిన్ నుంచి బ్రెజ్నెవ్ దాకా అందరితో పనిచేశాడు.

రిటైర్డ్_ఫౌజీ:
మికొయాన్ అనగానే నిద్రలేచాను. ఎయిర్‌ఫోర్స్‌లో గ్రౌండ్ క్రూలో చేశాను, మిగ్ 21 నట్టు బోల్టుతో సహా తెలుసు. మిగ్ అంటే మికొయాన్, గురేవిచ్ అని రెండు పేర్లు, అందులో అర్త్యోమ్ మికొయాన్ ఈ అనస్తాస్‌కి సొంత తమ్ముడు. వాళ్ళ ఊరు సనాహిన్, అదీ ఇదే లోరి రాష్ట్రంలోనే. అక్కడ అన్నదమ్ముల మ్యూజియం ముందు ఒక మిగ్ 21 పెట్టారు. మన వాయుసేన 2025 సెప్టెంబర్లో చండీగఢ్‌లో వాటికి వీడ్కోలు చెప్పింది. మెడికో బేటా, ఆ సైడు పోతే ఒక ఫోటో పెట్టమ్మా, టెయిల్ వైపు నుంచి తీయి.

ఇంకోటి, ఆ 1918 గొడవలో మన సిపాయిలు కూడా ఉన్నారు. బ్రిటిష్ ఇండియా నుంచి జనరల్ మాలెసన్ మిషన్ అని ఇరాన్‌లోని మషద్‌లో మకాం వేసింది, 19వ పంజాబీ రెజిమెంట్ వాళ్ళని రైలు లైను మీద కాఖా, దుషాక్ దగ్గర బోల్షెవిక్‌ల మీదకి దింపారు. 1919 ఏప్రిల్‌కి వెనక్కి పిలిచారు.

చాయ్_బిస్కట్_040:
అంటే ఆ 26 మందిని కాల్చింది మన పంజాబీలా??

రిటైర్డ్_ఫౌజీ:
లేదు లేదు. కాల్చింది అష్గబాద్‌లో (ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్ రాజధాని) ఉన్న స్థానిక ప్రభుత్వం మనుషులు. సోవియట్ వాళ్ళు మాత్రం తప్పంతా బ్రిటిష్ వాళ్ళదే అన్నారు, బ్రాద్‌స్కీ అనే చిత్రకారుడు 1925లో ఇంత పెద్ద బొమ్మ వేశాడు, అందులో బ్రిటిష్ ఆఫీసర్లు పక్కన నిలబడి చూస్తుంటారు. బ్రిటిష్ వాళ్ళు మేమక్కడ లేనేలేమన్నారు.

పాతపటాలు:
ఫౌజీ గారు చెప్పినదానికి చిన్న తోక. అష్గబాద్‌లో బ్రిటిష్ ప్రతినిధి రెజినాల్డ్ టీగ్ జోన్స్, ఇండియాలో పోలీసు, పొలిటికల్ శాఖల్లో చేసిన మనిషి. ఇతనే చంపించాడని 1919లోనే ఒక రష్యన్ లాయరు ఆరోపించాడు, తర్వాత మాస్కో పట్టుకుంది. ప్రాణభయంతో పేరు రొనాల్డ్ సింక్లెయిర్ అని మార్చుకుని, మిగతా జీవితమంతా ఆ పేరుతోనే గడిపి, 1988లో 99 ఏళ్ళకి పోయాడు. పోయాక గానీ అసలు పేరు బయటికి రాలేదు. ఒకే సంఘటన, చనిపోయినవాడి పేరు ఊరికెక్కింది, నింద పడ్డవాడి పేరు మాయమైంది.

మాడ్:
మంచి చర్చ. మిగ్ 21 గురించి రాయాలనుకునేవాళ్ళు దయచేసి విమానాల సెక్షన్‌లో కొత్త థ్రెడ్ తెరవండి, ఇక్కడ ఊరి మీదే ఉండండి.

యెరెవాన్_మెడికో:
అమ్మో, ఒక్క బోర్డు చూసి అడిగితే ఇంత కథా! ఫౌజీ అంకుల్, ఫోటో కచ్చితంగా. మా హాస్టల్ దగ్గర షాపు తాతయ్యది వనాద్జోర్, ఆయన్ని ఈరోజు అడిగా. ఆయన ఇప్పటికీ కిరొవకాన్ అనే అంటాడు, "మా నాన్న కరకిలిసా అనేవాడు" అన్నాడు. ఫియోలెటోవో గురించి అడిగితే ముందు క్యాబేజీ బాగుంటుంది అన్నాడు, తర్వాత వాళ్ళు అబద్ధం ఆడరు, ఇల్లు కట్టడానికి, చెక్క పనికి మొలకన్ మేస్త్రీనే పిలుస్తాం అన్నాడు. కమిసార్ ఎవరో తెలుసా అంటే తెలుసు, స్కూల్లో చదివాం, 26 పేర్లూ బట్టీ పట్టించారు, ఇప్పుడు నాలుగే గుర్తున్నాయి అన్నాడు, ఆ నాలుగులో ఫియోలెటోవ్ ఉన్నాడు, ఊరుంది కాబట్టి అనుకుంటా.

ఇంకో డౌట్. 1991 తర్వాత లెనిన్, కిరోవ్, కాలినిన్ అందరూ పోయారు కదా, మరి ఈయనెందుకు మిగిలాడు?

నాగావళి:
ఎవడూ పట్టించుకోలేదు కాబట్టి. చిన్న ఊరు, మైనారిటీ జనం, రాజధానిలో ఎవరికి కావాలి.

పాతపటాలు:
అంత సింపుల్ కాదు. అదే 26 మందిలో అజీజ్‌బెకోవ్ సంగతి చూడండి. దక్షిణ అర్మేనియాలో సోయ్లాన్ అనే ఊరికి 1956లో ఆయన పేరు పెట్టారు, 1994లో తీసేసి వాయ్క్ అన్నారు. అజర్‌బైజాన్‌తో కారాబాఖ్ యుద్ధం జరుగుతుంటే అజర్‌బైజానీ పేరు అర్మేనియాలో ఎలా ఉంచుతారు? అవతల బాకూలో 26 మంది స్మారకాన్ని 2009 జనవరిలో పగలగొట్టి, ఎముకల్ని హోవ్సాన్ స్మశానానికి మార్చారు, వాళ్ళకి షహుమ్యాన్ అంటే పడదు. స్తెపాన్ షహుమ్యాన్ పేరుతో ఉన్న స్తెపానవాన్ టౌను మాత్రం లోరిలో భద్రంగా ఉంది, ఎందుకంటే ఆయన అర్మేనియన్. ఇక ఫియోలెటోవ్, అటు ఇటు ఎవరికీ శత్రువు కాని పేరు. తీసేయాలన్న కోపం ఎవరికీ లేదు, ఉంచాలన్న ప్రేమా పెద్దగా లేదు.

కృష్ణా_కెనాల్:
నాకింకో కోణం అనిపిస్తుంది. ఊరివాళ్ళు అడగాలి కదా మార్చమని? 88 నుంచి 91 దాకా ఆ ప్రాంతంలో జనం తారుమారైపోయారు, అజర్‌బైజానీలు అటు వెళ్ళారు, అక్కడి అర్మేనియన్లు ఇటు వచ్చారు, 88 డిసెంబర్ స్పితాక్ భూకంపం, ఆ తర్వాత కరెంటు లేని శీతాకాలాలు, మొలకన్లలోనే బోలెడుమంది రష్యా వెళ్ళిపోయారు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద మొలకన్లు మూడు వేల లోపే. ఉన్నవాళ్ళకి బంగాళదుంప, క్యాబేజీ చూసుకోవడమే సరిపోయింది, బోర్డు మీద ఏముంటే ఎవడిక్కావాలి. పైగా పేరు మారిస్తే పాస్‌పోర్టు, పొలం కాగితం అన్నీ తిప్పాలి. మన రాజమండ్రిని 2015లో రాజమహేంద్రవరం చేశారు, ఆర్టీసీ కండక్టర్ ఇప్పటికీ రాజమండ్రి రాజమండ్రి అనే అరుస్తాడు.

నాగావళి:
రాజమండ్రి కేసు ఉల్టా అండి. అక్కడ పాత పేరుకి వెనక్కి వెళ్ళారు, ఇక్కడ పాత పేరుని తుడిచేసిన పేరుని అలాగే ఉంచారు. మీరు చెప్పిన ఖర్చులు నిజమే గానీ, తాషిర్‌కి, వనాద్జోర్‌కి, వాయ్క్‌కి ఆ కాగితాల ఖర్చు లేదా?

ఆవకాయ_ఇన్_ఎల్‌ఏ:
నాగావళి గారూ, ఒక మాట. నికితినో మాత్రం ఆ నేలకి పాత పేరా? అదీ జార్ పంపించిన రష్యన్లు వచ్చాక పెట్టుకున్నదే. "అసలు పేరు" అని ఎక్కడిదాకా వెనక్కి వెళ్తాం? నాతో పనిచేసిన ఆ పెద్దావిడకి అది నికితినా, షాపు తాతయ్యకి ఫియోలెటోవో, ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు.

పాతపటాలు:
ఇందులో ఒక తమాషా ఉంది, చెప్పి ఆపేస్తా. ఫియోలెటోవ్ పుట్టింది 1884లో, టాంబోవ్ గుబేర్నియాలో (జార్ కాలపు రాష్ట్రం). మొలకన్లు బాగా పెరిగిన ప్రాంతం కూడా అదే అని పైన చెప్పాను. జార్ వెళ్ళగొట్టిన రైతుల ఊరికి, అదే నేల నుంచి వచ్చి జార్‌ని దించడానికి పనిచేసిన కుర్రాడి పేరు పడింది. 1936లో ఫైలు మీద సంతకం పెట్టినోళ్ళకి ఈ సంగతి తట్టి ఉంటుందని నేననుకోను, 26 మంది లిస్టులో రష్యన్ పేరు వెతికి రష్యన్ ఊరికి వేసుంటారు, నా అంచనా అంతే.

చాయ్_బిస్కట్_040:
మెడికో సిస్టర్, మేం ఒక నలుగురం వచ్చే ఏడాది జార్జియా, అర్మేనియా ట్రిప్పు అనుకుంటున్నం. ఊర్ల దిగొచ్చా, ఏమన్న అంటరా?

యెరెవాన్_మెడికో:
దిగొచ్చు అన్నా, నవ్వుతూనే మాట్లాడతారు, పెద్దవాళ్ళకి అర్మేనియన్ కూడా వచ్చు. కాకపోతే ఫోటోలు ఇష్టపడరు, ముఖ్యంగా ఆడవాళ్ళవి, అడగకుండా ఫోన్ ఎత్తొద్దు. ఆదివారం ప్రార్థన, షాపులు గట్రా ఏం తెరవరు. యెరెవాన్ నుంచి సెవాన్ మీదుగా వస్తే పెద్ద సొరంగం వస్తుంది, 2003లో తెరిచారు, దాటగానే రాళ్ళ కొండలు పోయి ఒక్కసారిగా అడవి, అక్కడినుంచి దిలిజాన్, తర్వాత ఈ లోయే. సిగరెట్, మందు బాటిల్ పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళకండి ప్లీజ్.

రిటైర్డ్_ఫౌజీ:
టెయిల్ వైపు నుంచి బేటా, మర్చిపోకు.

మాడ్:
ఫౌజీ గారూ 🙂

నాగావళి:
ఎవరేమన్నా నేను మాత్రం నికితినో అనే అంటాను.

పాతపటాలు:
అనండి సార్, తప్పేం లేదు. మార్ష్రుట్కా ఎక్కి నికితినో దగ్గర ఆపమంటే మాత్రం తిన్నగా తీసుకెళ్ళి వనాద్జోర్‌లో దింపుతాడు, తిరుగు ఛార్జీ మీదే.